నీటి యెదుట నిలుకడ

భగవద్గీత మూడవ అధ్యాయమున శ్రీకృష్ణుడు, ప్రాణులన్నియు తమ తమ ప్రకృతి ననుసరించియే ప్రవర్తించుననియు, జ్ఞానవంతుడు సైతము ఈ నియమమునకు వెలి కాడనియు చెప్పి, అట్టిచో నిగ్రహము చేయగలిగిన దేమున్నదని ప్రశ్నించెను. ఆరవ అధ్యాయమునకు వచ్చునప్పటికి, మనస్సు గాలివలె పట్టరానిదని అర్జునుడు మొరపెట్టుకొనగా, ఆ శ్రీకృష్ణుడే అభ్యాసముచేతను వైరాగ్యముచేతను దానిని వశపరచుకొనవచ్చునని అభయ మిచ్చెను. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చదువువానికి ఒక సందేహము కలుగక మానదు. ప్రకృతియే ప్రబలమైనచో అభ్యాస మెందులకు? అభ్యాసము ఫలించునదే యైనచో నిగ్రహము నిష్ఫల మగుట యెట్లు? భాష్యకారులు ఈ చిక్కును తమ తమ సిద్ధాంతముల ననుసరించి విప్పిరి. నేను వారితో వాదమునకు దిగక, మన కనులయెదుట ప్రతిదినము జరుగు ఒక చిన్న వ్యవహారమును పట్టుకొని ఈ ప్రశ్నను విచారింపదలచితిని. నీటిని చూచినంతనే ఒడలు మరచి ఉరుకు కుక్కకు, ఆ నీటి యెదుటనే ప్రశాంతముగ నుండుట నేర్పు వ్యవహార మది.

దృష్టాంతము అల్పమని పాఠకులు చిన్నచూపు చూడరాదు. పండితుడు సమదృష్టితో చూడవలసిన ప్రాణులను చెప్పునప్పుడు గీతాచార్యుడు శునకమును విడువలేదు. భాగవత మేకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను పేర్కొనెను. అందు మనుష్యులు కొందరే. మిడుత రూపముచేతను, ఏనుగు స్పర్శచేతను, లేడి నాదముచేతను, చేప రుచిచేతను చెడి, ఇంద్రియముల వెంట పరుగెత్తిన ప్రాణి గతి యెట్టిదో ఆయనకు బోధించినవి. ఆ నాలుగును తమ వినాశముచేత పాఠము చెప్పిన గురువులు. వినాశమునకు ముందే ఆగుట నేర్చుకొని, ఆ నేర్చుకొన్న తీరుననే మనకు పాఠము చెప్పు ప్రాణి యొకటి దొరకెనేని, దానిని ఆ పట్టికలో చేర్చుకొనుటకు అవధూత అభ్యంతర పెట్టి యుండడని నా నమ్మకము.

అమెరికా దేశమున టెక్సస్ రాష్ట్రములో, డాలస్ మహానగరమునకు వాయవ్యమున కాపెల్ అను పట్టణము గలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర రైలుబాట వేసిన కాలమున వెలసి, 1955 లో పురపాలక పట్టణమైన ఈ యూర 2020 జనాభా లెక్కల నాటికి సుమారు 43 వేల మంది నివసించుచుండిరి. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయము దీని పొరుగుననే యున్నది. ఉద్యోగరీత్యా వచ్చి గత కొన్ని దశాబ్దములలో స్థిరపడిన తెలుగు కుటుంబము లిచ్చట పెక్కు గలవు. ఊరికి పడమటగా డెంటన్ వాగునకు అడ్డముగ 1952 లో పూర్తియైన ఆనకట్ట వలన ఏర్పడిన గ్రేప్‌వైన్ సరస్సు గలదు. ఆ ఆనకట్ట దాటిన వాగు కాపెల్ మీదుగ సాగి ట్రినిటీ నదియొక్క ఎల్మ్ ఫోర్క్ పాయలో కలియును. ఊరి నడుమ ఆండ్రూ బ్రౌన్ పార్కులో నడకబాటల ప్రక్క చెరువులు, చెరువులలో బాతులు, గట్లపై గాలము వేసి కూర్చున్నవారు, బిడ్డలను త్రోపుడుబండ్లలో త్రిప్పు తల్లులు, సాయంకాలపు టెండ తగ్గినపిమ్మట కుక్కలను నడిపించుకొనుచు వచ్చు గృహస్థులు, నిత్యము కనబడుచుందురు.

మన పల్లెలలో కుక్క వీధియరుగు దాక వచ్చునది. ఇచ్చటి తెలుగు ఇండ్లలో అది పూజగది వాకిటి ప్రక్కనే నిద్రించుచున్నది. ఈ మార్పుతో పాటు మరియొక మార్పును జరిగినది. పల్లెకుక్కకు చెరువు కన్నులు తెరచిన నాటినుండి పరిచితము. ఎండవేళ అది అంచున దిగి, దాహము తీర్చుకొని, బురదలో కాసేపు పడుకొని, తన దారిన తాను పోవును. నీరు దానికి వింత గాదు, కనుక వెఱ్ఱియు గాదు. నాలుగు గోడల నడుమను, కంచె వేసిన పెరటిలోను పెరిగిన కుక్కకు చెరువు ఎప్పుడో గాని రాని పండుగ. దాని ముక్కునకు దూరమునుండియే నీటి వాసన, బాతుల వాసన, తడిమట్టి వాసన సోకును. అంతలో దాని చెవులు నిక్కును, తోక బిగియును, కంఠమున సన్నని యేడుపు పుట్టును, ముంగాళ్లపై బరువంతయు మోపి అది యజమానిని ఈడ్చుకొని పోవును. ఆ క్షణమున దానిని పేరు పెట్టి పిలిచినను వినబడదు. ఎంతో ప్రీతియైన మాంసపు తునకను మూతియొద్ద నుంచినను ముట్టదు. అభావమే ఉద్రేకమును పెంచుననుట మనుష్యుల విషయమునను మన మెఱిగినదే.

కొన్ని జాతుల కుక్కలకు ఈ యుద్రేకము రక్తముననే గలదు. నేడు అమెరికా యిండ్లలో విరివిగ కనబడు ల్యాబ్రడార్ జాతికి మూలపురుషులు న్యూఫౌండ్‌లాండ్ తీరమున జాలరులతో కలిసి చలినీటిలో పనిచేసిన కుక్కలు. వాని సంతతిని పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునకు తీసికొనిపోయి పెంపొందించిరి. 1903 లో అచ్చటి కెన్నెల్ క్లబ్బు ఆ జాతిని గుర్తించెను. వేళ్ల నడుమ పొర, నీరంటని రెండు పొరల బొచ్చు, చుక్కానివలె పనిచేయు బలమైన తోక, పక్షిని గాయపఱచక నోట పట్టుకొని తెచ్చు మెత్తని పట్టు, ఇవియన్నియు తరతరముల యెన్నికచేత దాని శరీరమున స్థిరపడినవి. అట్టి ప్రాణిని చెరువుగట్టునకు తెచ్చి, నీటిని కోరవద్దని శాసించుట దాని పుట్టుకను నిషేధించుటయే. శ్రీకృష్ణుని మూడవ అధ్యాయపు ప్రశ్న ఇచ్చట అక్షరాల వర్తించును. ఈ ప్రకృతి యెదుట నిగ్రహ మేమి చేయగలదు?

అయినను దానిని దాని యిష్టమునకు వదలివేయుటకు వీలు లేదు. నీటియంచున ఆపద లనేకములు. వానలు కురిసినపిమ్మట వాగులోని ప్రవాహము క్షణములలో బలియును. గాలములు విరిగి గట్టున పడియుండును. ఉత్తర టెక్సస్ వాగులయొడ్డున కాటన్‌మౌత్ అను విషసర్పము సంచరించును. వేసవిలో నిలువనీట పెరుగు ఒకవిధమైన నాచు విషమును పుట్టించును. 2019 వేసవిలో ఈ రాష్ట్రముననే ఆస్టిన్ నగరములోని లేడీ బర్డ్ సరస్సున ఈదిన కుక్కలు కొన్ని ఈ విషముచేత మరణించినవి. ఉద్రేకముతో మరల మరల నీట దుమికి విసరినదానిని నోట కరచి తెచ్చు కుక్క, తనకు తెలియకయే అతిగా నీరు మ్రింగును. రక్తములోని ఉప్పు పలుచనై, మెదడు వాచి, ప్రాణమే పోవచ్చును. ఇక గట్టుపై నాడుకొను పసిపిల్లలు, గూళ్లలోని బాతుపిల్లలు, కుక్కలన్న జంకు గల వృద్ధులు, వీరి క్షేమమునకు బాధ్యులెవరు? పోతనగారి గజేంద్రుడు సరస్సున దిగి క్రీడించుచుండగా మొసలి పట్టుకొన్న కథ విననివారు మనలో లేరు. ఆ క్రీడలో పాపము లేదు. ఎచ్చరిక లేకపోవుటయే అచ్చట ఆపదకు ద్వార మయ్యెను. గజేంద్రునకు మొర యాలకించు దైవము గలడు. ఇంటి కుక్కకు ఆ స్థానమున నున్నవాడు దాని తాడు పట్టినవాడే.

కనుక ఆపవలెను, ఆపుట యెట్లు? మనుష్యునకు మొదట తోచు నుపాయము బలప్రయోగము. మెడ బిగియు గొలుసు, ముండ్ల పట్టీ, విద్యుత్తుతో చురుక్కుమనిపించు పట్టీ, వీని నన్నిటిని అంగళ్లలో అమ్ముచున్నారు. అవి లేనివారు గద్దించుటయో కొట్టుటయో చేయుదురు. ఈ మార్గమును గూర్చి భారత మేమనుచున్నదో ఆదిపర్వపు మొదటనే చూడవచ్చును. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా దేవశునకమైన సరమ కుమారుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టి తఱిమిరి. అది తల్లియొద్దకు పోయి యేడ్వగా, సరమ యజ్ఞశాలకు వచ్చి, తన బిడ్డ హవిస్సును ముట్టలేదనియు, కన్నెత్తియు చూడలేదనియు, నిరపరాధిని హింసించినందుకు మీకు కానరాని భయము కలుగుననియు పలికి పోయెను. నన్నయభట్టారకుడు ఆ సందర్భమున సరమ నోట పలికించిన నీతి తెలుగువారికి కంఠస్థము: ఇది తగును, ఇది తగదని తలపోయక సాధువులకును బలహీనులకును కీడు చేయువారికి కారణము తెలియని భయములు తప్పవని దాని భావము. ఆ కథలో శిక్షణ లేనిది కుక్కకు గాదు. అది ఆహుతుల నడుమ నిలిచియు నియమము తప్పలేదు. నియమము తప్పినవారు రాజకుమారులు. మహాభారతమునకు వాకిటనే ఈ కథ యుండుట యాదృచ్ఛికమని నేననుకొనను. చేతిలో బలమున్నవాడు మొదట తన్ను తాను శిక్షించుకొనవలెననుట ఆ గ్రంథము మొదటినుండి తుదిదాక చెప్పు ధర్మము.

హింస ధర్మవిరుద్ధ మగుటయే గాక, నిష్ప్రయోజనము గూడ. నీటిని చూచినప్పుడెల్ల మెడ నొచ్చిన కుక్క నీటికిని నొప్పికిని ముడి వేసికొనును. కొన్నాళ్లకు అది గట్టున కదలక యుండవచ్చును. చూచువారు అది శాంతించినదని సంతోషింతురు. కాని దాని చెవులు వెనుకకు వాలియుండును, తోక కాళ్లనడుమ నుండును, నోరు తడియారియుండును. భయముచేత బిగుసుకొన్న ప్రాణికిని శాంతించిన ప్రాణికిని గల యంతరము గుర్తింపలేనివాడు శిక్షకుడు గాజాలడు. ఈ విషయమున ఒక చారిత్రక నిదర్శనము గలదు. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904 లో నోబెల్ బహుమానము పొంది, అటుపిమ్మట కుక్కల నాడీవ్యాపారములపై పరిశోధనలకు లోకప్రసిద్ధుడైన ఇవాన్ పావ్‌లోవ్ ప్రయోగశాలను 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ వరద ముంచెత్తెను. కుక్కలను ఈదించి ప్రాణములతో బయటికి తెచ్చిరి. కాని పిదప పరీక్షింపగా, వానిలో కొన్ని అంతకు పూర్వము నెలల తరబడి నేర్చుకొన్నదంతయు మరచియుండెను. మెల్లమెల్లగ కోలుకొన్నపిమ్మట సైతము, గది తలుపు క్రిందుగ సన్నని నీటిధార పాఱించినంతనే ఒక కుక్క మరల కలవరపడి, నేర్చినదంతయు విడిచెను. భయమనునది నేర్పదు, నేర్చినదానిని గూడ చెఱుపును. నీటిని చూచి పిచ్చియెత్తుటయు, నీటిని చూచి వణకుటయు, పైకి రెండు విరుద్ధస్థితులవలె కనబడినను, లోపల రెండింట నొకటియే లోపము: తనపై తనకు పట్టు లేకపోవుట.

ఇక రెండవ మార్గము. అనుభవజ్ఞులైన శిక్షకులు చెప్పు మొదటి మాట దూరము. ప్రతి కుక్కకును నీటికిని నడుమ ఒక మేర యుండును. ఆ మేరకు వెలుపల అది నీటిని చూచియు తన పేరు వినగలదు, లోపలికి అడుగిడినంతనే వినలేదు. ఆ మేర ఒక కుక్కకు ఇరువది అడుగులు, మరియొకదానికి ఇన్నూరు అడుగులు కావచ్చును. అభ్యాసమంతయు ఆ మేరకు వెలుపలనే ఆరంభింపవలెను. అంతకంటె ముందు ఇంటిలో, నీటి ప్రసక్తియే లేనిచోట, ఒక చాపపై పడుకొని నిదానించుట నేర్పవలెను. కారెన్ ఓవరాల్ అను అమెరికా పశువైద్య పండితురాలు ఇందు కొక క్రమమును రూపొందించెను. కుక్క కూర్చొనియుండగా యజమాని ఒక అడుగు వెనుకకు వేయుట, చప్పట్లు చరచుట, గదిలోనుండి కనుమరుగై వచ్చుట, తలుపు గంట మ్రోగించుట, ఇట్లు స్వల్పమునుండి అధికమునకు సాగు పరీక్షలలో ప్రతి పర్యాయమును అది నిబ్బరముగ నున్నందుకు చిన్న బహుమాన మొసగుట ఆ క్రమమున సారము. పిమ్మట పళ్లెములో నీరు, అటుపిమ్మట పెరటిలో పచ్చికపై నీరు చిమ్ము గొట్టము, ఆ మీదట చెరువు.

చెరువుకడ పని మిక్కిలి నెమ్మదిగ సాగును. కుక్క దూరమునుండి నీటివంక చూచును, చూడనిండు. చూచినపిమ్మట ఎవరును పిలువకయే అది యజమాని ముఖమువంక తిరుగు క్షణ మొకటి వచ్చును. ఆ క్షణమే శిక్షకునకు పెన్నిధి. వెంటనే మెచ్చుకొని ఒక తునక నోట పెట్టవలెను. ఇట్లు అనేక పర్యాయములు జరిగినపిమ్మట రెండడుగులు ముందునకు. తడబడినచో నాలుగడుగులు వెనుకకు. దూరము తగ్గించిననాడు కాలము పెంచరాదు. కాలము పెంచిననాడు ప్రక్కన మరియొక కుక్క ఈదుచుండరాదు. ఒక్కొక్క కష్టమును విడివిడిగ గెలిచిన పిదపనే వానిని కలుపవలెను. గ్రేప్‌వైన్ సరస్సువంటి సైనిక ఇంజనీరింగు శాఖవారి జలాశయములకడ కుక్కను ఆరడుగులకు మించని తాడుతో నుంచవలెననియు, మనుష్యులు స్నానము చేయు తీరములకు తేరాదనియు శాసనము గలదు. నాలుగు మూరల తాడు పట్టుకొని గట్టునకు ఎంత యెడముగ నిలువవలెనో నిర్ణయించుకొనుటలో ఆ శాసనమునకు భంగము లేదు, అభ్యాసమునకును లోపము లేదు.

ఇచ్చటివర కొక భాగము. తుదిభాగమున ఒక విశేషము గలదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు దానియందే యున్నది. గట్టున కుక్క వదులు తాడుతో, తోక మెత్తబడి, ఊపిరి నెమ్మదించి కూర్చొన్న పిమ్మట, ఈదుట కనువైన చోట, యజమాని “పద” అని దానిని నీటిలోనికి పంపును. అనగా ఏ నీటికై అది వెఱ్ఱియెత్తెనో ఆ నీరే దాని శాంతికి బహుమాన మగుచున్నది. డేవిడ్ ప్రీమాక్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1959 లో ప్రతిపాదించిన సూత్ర మిది: ప్రాణి తనంతట తాను అధికముగ చేయగోరు పని, అది అంతగా చేయగోరని పనికి ప్రోత్సాహకము కాగలదు. లాగినచో నీరు దూర మగును, నిలిచినచో దగ్గర యగును అని కుక్కకు తెలిసినది. ఇక దాని కోరికకును దాని సంయమనమునకును వైరము లేదు. కోరికయే సంయమనమునకు బలము. జలాశయములలో వేటకు శిక్షణ పొందిన రిట్రీవరు జాతి కుక్క, తుపాకి ప్రేలి, పక్షి కన్నులయెదుట నీట పడినను, ఆజ్ఞ వచ్చువరకు కదలక కూర్చొనును. ఆ నిలుకడలో దాని నీటియాశ తగ్గలేదు. కన్ను రెప్ప వేయక పక్షి పడిన చోటుననే యుండును. అత్యంత తీవ్రమైన కోరికయు, అత్యంత నిశ్చలమైన శరీరమును, ఒక్క ప్రాణియందు ఒక్క క్షణమున కలిసియుండుట సాధ్యమేయని దానిని చూచిన మనకు తెలియుచున్నది.

ఇప్పుడు గీతలోని రెండు మాటల నడుమ విరోధము తొలగినది. మూడవ అధ్యాయమున నిష్ఫలమని చెప్పబడినది ప్రకృతిపై బలాత్కారము. ఆరవ అధ్యాయమున సఫలమని చెప్పబడినది ప్రకృతిని తోడు చేసికొని సాగు సాధన. ఆ మూడవ అధ్యాయముననే, ఇంద్రియమునకును విషయమునకును నడుమ పొంచియున్న రాగద్వేషములకు లోబడవలదని శ్రీకృష్ణుడు వెంటనే హెచ్చరించుటను మనము గమనింపవలెను. నీటిని కోరుట ప్రకృతి. నీరు కనబడినంతనే ఒడలు మరచుట ఆ కోరికకు దాస్యము. మొదటిది పుట్టుకతో వచ్చినది, రెండవది అలవాటుతో బలిసినది. అలవాటుతో బలిసినది అలవాటుతోనే సడలును. పతంజలి అభ్యాసమునకు దీర్ఘకాలము, ఎడతెగమి, ఆదరము అను మూడు లక్షణములు చెప్పెను. చెరువుగట్టున ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను పని చెడునని కుక్కను పెంచిన ప్రతివాడును ఎఱుగును. పావ్‌లోవ్ సైతము నిరోధమనునది ఉద్రేకము లేకపోవుట మాత్రమే గాదనియు, అదియు నాడీమండలము చేయు నొక క్రియయే యనియు, వేచియుండుట ప్రాణి నేర్చుకొను పనియనియు తన ప్రయోగములనుండి నిర్ణయించెను. శాంతి శూన్యము గాదు, అది ఒక సామర్థ్యము. దానిని అడిగి పొందలేము, ఆజ్ఞాపించి పొందలేము. కండ బలమువలె కొంచెము కొంచెముగ పెంచుకొనవలెను.

సుమతీ శతకకర్త, బంగారు సింహాసనమున కూర్చుండబెట్టి శుభలగ్నమున పట్టము గట్టినను కుక్క తన వెనుకటి గుణము మానదని చెప్పినాడు. తరతరములుగ మన బడులలో ఈ మాటను వల్లించితిమి. ఆ పెద్దలయం దెంత గౌరవమున్నను ఇచ్చట నొక్కమాట మనవి చేయక తప్పదు. సింహాసనము స్థానమును మార్చును, శుభలగ్నము గౌరవమును కలిగించును. ఈ రెండింటిలో ఏదియు అభ్యాసము గాదు. ఎవరును ఏమియు నేర్పని ప్రాణిని ఎత్తైన పీటపై కూర్చుండబెట్టి, గుణము మారలేదని నిందించుటలో లోప మెవరిది? మనుష్యులను గూర్చియు ఈ యన్యాయమే జరిగినది. పుట్టుకను చూపి స్వభావమును, స్వభావమును చూపి అనర్హతను నిర్ణయించిన సమాజము, నేర్పుటకు తాను పూనుకొనలేదన్న నిజమును కప్పిపుచ్చుకొన్నది. నేర్పిన పిమ్మటగాని స్వభావమునకు హద్దు లెచ్చట నున్నవో ఎవరును చెప్పజాలరు.

దీనిపై నొక ఆక్షేపణ రాగలదు. ఇదంతయు లంచమే గదా, ఒక తునక మాంసమునకో, తుదకు ఆ నీటికో ఆశపడి కుక్క కూర్చొన్నదే గాని దానికి వైరాగ్యము కలిగినదా, యని. ఆక్షేపణ బలమైనదే. వైరాగ్యము వివేకమువలన పుట్టునది. కుక్కకు దానిని ఆరోపింపరాదు. కాని మనుష్యుని సాధనయు మొదటి మెట్టుననే నిష్కామము గాదు. బాలుడు తల్లి మెప్పునకై అక్షరములు దిద్దును. భక్తుడు ఆపద గడచుటకై మ్రొక్కును. ఆర్తుని, అర్థార్థిని గూడ గీతాచార్యుడు సుకృతులలోనే చేర్చెను. ఆశతో మొదలైన నిలుకడలో ఆశకు సంబంధింపని సుఖ మొకటి క్రమముగ తెలియవచ్చును. నెలల శిక్షణ పొందిన కుక్క కొన్ని సాయంకాలములందు అనుమతి యిచ్చినను వెంటనే దుమకక, గట్టున కూర్చొని గాలిని వాసన చూచుచు నుండుట గలదు. దానికి వైరాగ్యమని పేరు పెట్టను. కాని అంతకు పూర్వము ఆ ప్రాణికి లేని స్వాతంత్ర్య మొకటి దానికి లభించినదని మాత్రము చెప్పగలను: పోవుటకును, పోకుండుటకును.

మరియొక ప్రశ్న ఇంతకంటె లోతైనది. మన సౌకర్యమునకై మరియొక ప్రాణి స్వభావమును తీర్చిదిద్దుటకు మనకు హక్కెక్కడిది? అడవిలోని ప్రాణిపై మనకు హక్కు లేదు. కాని తన యిల్లు, తన యాహారము, తన సంచారము సర్వమును మన చేతిలో పెట్టిన ప్రాణి విషయమున హక్కును గూర్చిన ప్రశ్నకు ముందే ఋణమును గూర్చిన ప్రశ్న వచ్చును. దానిని వేలమంది నివసించు ఊరికి, బాటలకు, చెరువులకు మనమే తెచ్చితిమి. నేర్పనిచో దానికి మిగులునది జీవితాంతము బిగిసిన తాడు, లేదా మూసిన తలుపు. శిక్షణ పొందిన కుక్కకే చెరువు దక్కును. నీటిని ఎన్నడును చూపక పెంచుట సులభము. కాని అట్లు లభించిన ప్రశాంతి ఆ కుక్కది గాదు, గోడది.

అయితే ఈ ఋణము తీర్చుకొనుటకు శిక్షకునకు కావలసిన ప్రథమ ద్రవ్యము తునకలు గావు, తాడును గాదు, తన మనస్సు. తాడునకు రెండు కొనలు. యజమాని చేయి బిగిసినచో ఆ బిగువు మెడకు తెలియును. ఆయన గొంతు హెచ్చినచో కుక్క యుద్రేకము హెచ్చును. ఆఫీసు చికాకులను వెంటబెట్టుకొని వచ్చిననాడు చెరువుగట్టున ఏ పాఠమును సాగదు. వేదాంతులు సాధకునకు విధించిన శమము, దమము, తితిక్ష అను సంపదలలో ఏదియు ఇచ్చట అనవసరము గాదు. ఆంధ్రదేశమునుండి ఆరునెలలకై వచ్చిన పెద్దాయన చేతికి తాడందించి, “తాతయ్యా, అది లాగితే మీరు లాగకండి, ఉన్నచోటే ఆగిపోండి చాలు” అని మనుమడు చెప్పుట ఈ యూరి బాటలపై అరుదైన సంగతి గాదు. లాగినదానిని లాగక నిలిచి, తాడు వదులైనపిమ్మట అడుగు ముందునకు వేయుట, వినుట కెంత సులభమో, కోపము వచ్చినపుడు చేయుట కంత కష్టము. కుక్క నేర్చుకొనవలసినదానిని తాను ముందు నేర్చుకొననివానికి ఆ కష్టము దినదినము తెలియుచునే యుండును.

తుదకు మనుష్యునకును కుక్కకును గల భేదము నొక్కదానిని చెప్పి ముగింతును. కుక్కకు దూరమును నిర్ణయించుటకు వేరొకరున్నారు. తనకు నీటినుండి ఎన్ని యడుగులు మేలో దానికి తెలియదు. తెలిసినవాడు దానిని వెనుకకు నడిపించి, నేర్పి, మరల ముందునకు తెచ్చును. మనుష్యుడు తన చెరువులను తానే గుర్తింపవలెను. ధనమో, అధికారమో, కీర్తియో, చేతిలో వెలుగు చిన్న తెరయో, తాను దేని యెదుట తన పేరు వినలేని స్థితికి వచ్చుచున్నాడో తానే కనుగొనవలెను. వెనుకకు రెండడుగులు వేయుటకు సిగ్గుపడరాదు. ఆ వెనుకంజ ఓటమి గాదు, అభ్యాసమునకు ఆరంభస్థానము. దానిని విడిచి ఒక్కసారిగ గట్టున నిలిచి జయించెదనని ప్రతిజ్ఞ చేయువాడు, మూడవ అధ్యాయము నిష్ఫలమన్న నిగ్రహమునే మరల చేయుచున్నాడు. తన బలహీనతను కొలిచి, తగిన యెడమున నిలిచి, అచ్చటినుండి అడుగడుగున దగ్గరకు వచ్చువాడు మాత్రము, కోరినదాని యెదుట తాను గూడ మిగిలియుండ గలుగును. గృహస్థులు తమ కుక్కకు ఈ విద్యను నేర్పుదురు గాక. నేర్పుచు, అందులో తమకు రావలసిన భాగమును విడువక తీసికొందురు గాక.